స్పీకర్ ఫోన్‌లో నళిని

1986లో డాలస్ దగ్గరి ఒక యూనివర్సిటీలో కంప్యూటర్ సెక్యూరిటీకి డిగ్రీ పెట్టాలని పట్టుబట్టినవాడు అక్కడ పాఠాలు చెప్పే శ్యామ్‌సుందర్. సిలబస్ రాసిందీ అతనే. దాన్ని ఆమోదించాల్సిన కమిటీకి అన్నీ నచ్చాయి గాని, "మనుషుల్ని ఏమార్చే పద్ధతులకు ఒక కోర్సంతా ఎందుకు?" అన్న దగ్గర బండి ఆగిపోయింది.

"ఎందుకో వినండి" అంటూ అతను బల్ల మీది స్పీకర్ ఫోన్‌లో కంప్యూటర్ సెంటర్‌కి కలిపాడు.

అటు పలికింది అక్కడ పనిచేసే నళిని. ఇర్వింగ్ ఊళ్లో శ్యామ్‌సుందర్ వాళ్ల పక్క అపార్ట్‌మెంటే. అతని భార్య వసుమతిని అక్కా అని, అతన్ని అన్నయ్యగారూ అని పిలిచే అమ్మాయి. ఆ గొంతు అతను వెంటనే గుర్తుపట్టాడు. ఫోన్ పెట్టేయవచ్చు. కానీ చుట్టూ అందరూ చెవులు రిక్కించి ఉన్నారు. గొంతు మార్చి, డీన్ ఆఫీసు నుంచి మాట్లాడుతున్నానన్నాడు. పాస్‌వర్డ్ మరిచిపోయామన్నాడు, అర్జెంటన్నాడు. ఆమె పాస్‌వర్డ్‌ని ఒక్కో అక్షరం విడదీసి చెప్పింది. కమిటీ గొల్లుమంది. కోర్సు ఆమోదమైంది.

మర్నాడు భోజనాల దగ్గర వసుమతి అంది: "పాపం, నళిని జాబ్ పోయిందండీ. ఎవరికో ఫోన్లో పాస్‌వర్డ్ చెప్పిందట. తనే వెళ్లి బాస్‌కి రిపోర్ట్ చేసిందట."

చేతిలో ముద్ద కంచంలో వదిలేశాడు. లేచి వెళ్లి పక్కింటి తలుపు తట్టాడు.

"నళినీ, ఆ ఫోన్ చేసింది నేనమ్మా."

"తెలుసు అన్నయ్యగారూ. గొంతు మార్చినా గుర్తుపట్టాను. మీరే అలా అడిగారంటే ఏదో పెద్ద ట్రబుల్‌లో ఉన్నారనుకున్నా. వెనకాల నవ్వులు వినపడ్డాక అర్థమైంది."

"మరి నా పేరెందుకు చెప్పలేదు?"

"మీ జాబ్ కూడా పోతుందేమోనని."

భూమి చీలి మింగేస్తే బాగుండుననిపించింది.

తెల్లవారి కంప్యూటర్ సెంటర్ డైరెక్టర్ దగ్గర అంతా ఒప్పుకున్నాడు. "రూల్ తప్పింది ఆమే కదా" అని ఆయన నళినిని వెనక్కి తీసుకోలేదు. కమిటీలోనూ లేచి నిలబడ్డాడు.

"ఆమె మోసపోలేదు. నన్ను నమ్మింది. నేను చూపించింది రుజువే కాదు."

ఛైర్మన్ నవ్వాడు. "అయితే ఇంకా మంచి ఉదాహరణ. పాఠంలో పెట్టు."

శ్యామ్‌సుందర్ ఆ ఉదాహరణ పెట్టలేదు. అనుమతి లేనిదే ఏ మనిషి మీదా ప్రయోగం చేయరాదని సిలబస్‌లో ఒక వాక్యం చేర్చాడు. డిగ్రీ మొదలయ్యాక ఆ కోర్సు మరొకరికి అప్పగించేశాడు.

నళినికి హ్యూస్టన్‌లో ఒక బ్యాంకులో పని దొరికింది. సామాను కార్లో సర్దుకుని వసుమతికి చెప్పి వెళ్దామని వచ్చింది. అతను లోపలి గదిలోనే ఉన్నాడు. కారు స్టార్టయిన చప్పుడు వినిపించేదాకా బయటికి రాలేకపోయాడు.