పరాంజపే మాయి స్నానాలగది

మా వైపు ఒక పట్టింపు ఉంది. కూతురికి బిడ్డ పుట్టేదాకా ఆమె తల్లిదండ్రులు అత్తవారింట్లో మెతుకు ముట్టరు. మరీ పట్టుదల గలవాళ్ళయితే మంచినీళ్ళు కూడా తాగరు. నేను ఆ రెండో రకం. ఉజ్వల పెళ్ళయిన మూడేళ్ళలో వాళ్ళ గడప తొక్కలేదు. ఏదైనా ఇవ్వాల్సి వస్తే స్టేషను దగ్గర అల్లుడి చేతికిచ్చి తిరిగి లోకల్ రైలు ఎక్కేవాణ్ణి.

ఎంత ఆచారవంతుడో అని బంధువులు మెచ్చుకున్నారు. నా మొహం ఆచారం. అందులో సగం భయం. జగ్దాళేవాళ్ళు ఉండేది డోంబివలి శాంతాకుంజ్‌లో అని సంబంధం చెప్పిన రోజే నా గుండె కలుక్కుమంది. అంతకు ఆరేళ్ళ ముందు ఆ బిల్డింగులో నేనొక పని చేశాను. మంచి పని కాదు. అక్కడ నాలుగు మెట్లదారులు, ఇరవైనాలుగు ఇళ్ళు ఉన్నాయి కదా, ఆ ఇల్లెక్కడో ఈ ఇల్లెక్కడో అని సర్దిచెప్పుకుని లగ్నం పెట్టించేశాను.

పురుడు మా ఇంట్లోనే పోసుకుంది. మూడో నెలలో తల్లీబిడ్డల్ని పంపించాక వియ్యపురాలు సుమన్‌బాయి ఫోన్ చేసింది.

"ఇంకేం వంక చెప్తారు అన్నయ్యగారూ? మనవడు పుట్టాడుగా. ఆదివారం భోజనానికి రాకపోయారో, నేనే వచ్చి చెవి పట్టుకుని లాక్కొస్తా."

మా ఆవిడకి జ్వరంగా ఉంటే ఒక్కణ్ణే వెళ్ళాను. మూడో మెట్లదారి, మొదటి అంతస్తు. తలుపు ముందు నిలబడి పైకి చూశాను. సరిగ్గా ఆ ఇంటి పైదే, ఆరోజు నేను పని చేసిన పరాంజపే మాయి ఇల్లు.

చేతులు కడుక్కోవడానికి స్నానాలగదిలోకి వెళ్ళాను. మెడ మీద ఒక చుక్క పడింది. తలెత్తితే పైకప్పు నల్లగా పెచ్చులూడి, లోపలి ఇనుప ఊచలు తుప్పుపట్టి కనిపించాయి. చెమ్మ పక్కగది గోడలోకి కూడా దిగింది. ఆ గోడ పక్కనే మనవడి ఉయ్యాల. వాడు దగ్గుతున్నాడు.

"చూశారా మా ఇంటి గంగమ్మని?" పూరణ్‌పోళి మీద నెయ్యి వేస్తూ అంది సుమన్‌బాయి. "తొమ్మిదేళ్ళు. పైన ఆ ముసలిది స్నానం చేస్తే ఇక్కడ మాకు తలంటు. పసివాణ్ణి గది మార్చమన్నాడు డాక్టరు. ఉన్నవి రెండు గదులు, ఎక్కడికి మార్చను? మీరూ మేస్త్రీయేగా, చెప్పండి. అదేం పనండీ?"

"చెడ్డ పని" అన్నాను.

"ఆ పని చేసినవాడి చేతులు పడిపోను!"

ఉజ్వల పప్పుచారు లాంటి ఆమటి వడ్డిస్తూ తలదించుకుంది. నేను తేలుకుట్టిన దొంగలా విస్తట్లోకి చూస్తూ కూర్చున్నాను. మెట్ల మీద ఆరోజుల్లో వీళ్ళు నన్ను చూసే ఉంటారు. మేస్త్రీ మెట్ల మీద ఇసుక ఒలకబోస్తే తిట్టేవాళ్ళే గాని, వాడి మొహం ఎవరు చూస్తారు?

ఆ సంగతి చెప్పాలి. స్నానాలగదిలో పాత నేల తవ్వి కొత్తది వేశాక, టైల్స్ పరిచేముందు నీళ్ళు నిలబెట్టి చూడాలి. తూము మూసి, బెత్తెడు నీళ్ళు పోసి, ఎక్కడిదాకా ఉన్నాయో గోడ మీద పెన్సిలుతో గీత గీసి రెండు రోజులు వదిలెయ్యాలి. నీళ్ళు గీత దగ్గరే ఉంటే పని నిలబడినట్టు. మాయి ఇంట్లో మర్నాటికే రెండు వేళ్ళు దిగాయి. ఎందుకు దిగాయో నాకు తెలుసు. గొట్టం స్లాబులోంచి కిందికి దిగేచోట చుట్టూ సందు ఉంటుంది. దాన్ని సిమెంటు, ఇసుక కలిపిన మాలుతో పొరలు పొరలుగా, ఆగి ఆగి కూరాలి. నేను ఖాళీ సిమెంటు గోతం చించి కుక్కి, పైన నున్నగా మెత్తేశాను. వినాయకచవితి నాలుగు రోజుల్లో ఉంది. ఆవిడ ఇంటికి గణపతి రావాలి, నేను ఠాణేలో ఇంకో పనికి పోవాలి. పగలగొడితే వారం పడుతుంది. మాయి పూజలో ఉండగా రెండు బకెట్లు పోసి నీళ్ళని గీతకి చేర్చాను.

"చూడండి మాయీ, వెంట్రుకవాసి దిగలేదు" అన్నాను.

ఆవిడ రిటైరైన పంతులమ్మ. కళ్ళజోడు సవరించుకుని, వంగి గీత చూసి, సంబరపడి, మా వైపు మర్యాద ప్రకారం నా తలకి టోపీ పెట్టి కండువా కప్పి కొబ్బరికాయ చేతిలో పెట్టింది. సిగ్గులేకుండా పుచ్చుకున్నాను.

భోజనం ఎలా ముగించానో తెలీదు. పైకి వెళ్ళొస్తానంటే సుమన్‌బాయి కస్సుమంది.

"ఆవిడతో మాటలేంటి? మేం మాట్లాడటం మానేసి ఏడేళ్ళయింది."

"మేస్త్రీని కదమ్మా. ఒకసారి చూసొస్తా" అని మెట్లెక్కాను.

మాయి బాగా చిక్కిపోయింది. తలుపు తీసి నన్ను పోల్చుకుంది.

"రా నివృత్తీ. ఇన్నాళ్ళు పట్టిందా రావడానికి?"

"మాయీ, ఆరోజు నీళ్ళు..."

"దిగాయి. కింద కారడం మొదలయ్యాక తెలుసుకున్నా. నీ ఫోన్ మోగలేదు."

నంబరు మార్చేశాను మరి.

"రెండుసార్లు వేరేవాళ్ళని పిలిచి పైపైన ఏదో మందు పూయించాను. ఆగలేదు. వీళ్ళేమో మెట్ల మీద నిలబెట్టి తిట్టేవాళ్ళు. ఇంక లాభం లేదు, నీ పేరూ ఊరూ చెప్పి వాళ్ళనే నీమీదికి పంపిద్దాం అనుకున్నా. అప్పుడే కింద కొత్త కోడలు దిగింది. మెట్ల మీద కనబడి కాళ్ళకి దణ్ణం పెట్టింది. ఎవరి పిల్లవమ్మా అంటే ఘాడ్గే మేస్త్రీ కూతుర్ని అంది. ఎంత గర్వంగా చెప్పిందో! ఇంకేం చెప్పమంటావు?"

"నా తప్పుకి మీరెందుకు తిట్లు తిన్నారు మాయీ?"

"నాకు డెబ్భై ఆరేళ్ళు. నాకు అత్త లేదు. దానికుంది."

నాకు ఏడుపొచ్చింది. యాభై ఎనిమిదేళ్ళవాణ్ణి, ఆవిడ వంటింటి గుమ్మంలో కూలబడి ఏడ్చాను. ఆవిడ ఓదార్చలేదు. గ్లాసుతో నీళ్ళిచ్చి, "పని ఎప్పుడు మొదలుపెడతావు?" అంది.

సోమవారం పొద్దున్నే సుత్తి, ఉలి, తట్టతో వచ్చాను. నా తప్పుకి కూలీలెందుకని ఒంటరిగానే వచ్చాను. సుమన్‌బాయినీ అల్లుణ్ణీ పైకి రమ్మన్నాను. ఆ గడప తొక్కనని సుమన్‌బాయి మొరాయించింది.

"పసివాడి కోసం రండమ్మా. మీ కళ్ళతో చూడాలి" అన్నాను.

నోరు మూసుకుని సిమెంటు పూసి పోవచ్చు. నేల నిలబడేది, నా పరువూ నిలబడేది. కూతురి కాపురం అడ్డం పెట్టుకుని ఆ ఆలోచన రాత్రంతా చేశాను. కాని కింద మనవడి దగ్గు నాది, పైన మాయి తిన్న తిట్లూ నావే.

మధ్యాహ్నానికి గొట్టం బయటపడింది. సందులో వేలు పెట్టి లాగితే గోతం పీలికలు వచ్చాయి, నల్లగా కుళ్ళి, కంపుకొడుతూ. తీసి తట్టలో వేశాను.

"గోతమా!" సుమన్‌బాయి కేక వేసింది. "చూశార్రా? ఏ దొంగవెధవ చేశాడీ పని?"

"నేనేనమ్మా" అన్నాను. "తొమ్మిదేళ్ళ కింద. నీళ్ళు దిగితే మళ్ళీ పోసి ఈవిణ్ణి మోసం చేసిందీ నేనే. మాయి తప్పేం లేదు."

అల్లుడు గోడ వైపు తిరిగాడు. సుమన్‌బాయి నన్ను చూసింది, మాయిని చూసింది. తర్వాత గుమ్మంలో పిల్లవాణ్ణి ఎత్తుకుని నిలబడ్డ ఉజ్వలని చూసింది.

"నీకు తెలుసా?"

ఉజ్వల తలూపింది.

"మూడేళ్ళు! మూడేళ్ళు నీ ఎదుటే నీ తండ్రిని నా చేత తిట్టించావుటే!" అంది సుమన్‌బాయి. ఆ గొంతులో కోపమెంతో, సిగ్గెంతో నాకు తేల్చుకోవడం కష్టమైంది. మాయి ముందు చేతులు జోడించి, గబగబా మెట్లు దిగిపోయింది.

పని తొమ్మిది రోజులు పట్టింది. ఈసారి పెన్సిలు సుమన్‌బాయి చేతికిచ్చాను. ఆవిడే గీత గీసి, తలుపుకి తాళం వేసి, మూడు రోజులు తాళంచెవి కొంగున కట్టుకు తిరిగింది. నాలుగో రోజు తనే తీసి చూసింది. "నిలిచాయి" అంది. అంతకుమించి ఒక్క మాట అనలేదు. టైల్స్ పరిచి ముగించిన రోజున భోజనానికి ఉండమని కూడా అనలేదు. నేనూ ఎదురుచూడలేదు.

ఉజ్వల పిల్లవాణ్ణి చంకనేసుకుని కింది మెట్టుదాకా వచ్చింది.

"నీకు మాయి చెప్పిందా?" అడిగాను.

"లేదు. మీ స్నానాలగది ఎవరు చేశారు మాయీ అని వచ్చిన కొత్తలో అడిగా. నా మొహం చూసి మాట మార్చేసింది. నువ్వేమో ఈ గడప తొక్కవు. అప్పుడే అర్థమైంది."

"మీ అత్త ఏమంటోంది?"

"నిన్న పప్పులో ఉప్పు తగ్గితే 'మేస్త్రీ కూతురివి కదా, పైపైన మెత్తేస్తావు' అంది."

"నన్ను క్షమించు తల్లీ. ఇంక ఈ మాట జన్మంతా పడాలి నువ్వు."

"పడతాలే నాన్నా, అదేం పెద్ద మాట కాదు" అంది ఉజ్వల. పిల్లవాడి కాలు సవరించి, నా మొహం చూడకుండా అంది. "ఆవిడ నిన్ను చేతులు పడిపోను అన్నప్పుడల్లా, అవునత్తయ్యా అంటూ నిలబడ్డాను చూడు. అదీ నేను పడలేకపోయింది."