కింద పడనివ్వని చోటు

మా షెడ్డులో కొత్తగా చేరినవాళ్ళకి నేర్పే మొదటి పాఠం అద్దం కోయడం కాదు, మనిషిని పట్టుకోవడం. పక్కవాడు తూలాడంటే చేతిలో ఎంత పెద్ద పలక ఉన్నా వదిలేసి వాణ్ణి పట్టుకోవాలి. ఎన్నిసార్లు ఊడ్చినా కింద గాజు పెంకులు ఉంటూనే ఉంటాయి మరి. "అద్దం పోతే ఇంకోటి కోసుకుంటాం, మనిషి పోతే ఎక్కణ్ణుంచి తెస్తాం?" అంటాడు మా ఓనరు. ఆయన్ని అందరం పెద్దాయన అనే పిలుస్తాం. నోరు కటువే గానీ ఆ ఒక్క విషయంలో మాత్రం ఆయన బంగారం.

నేను అక్కడ అద్దాలు కోస్తాను. కంబళి పరిచిన పెద్ద బల్ల, ఇనప స్కేలు, కట్టరు, ఇవే నా ఆస్తి. గీత ఒక్కసారే గీయాలి. సరిగ్గా పడలేదని అదే గీత మీద మళ్ళీ గీశామా, అద్దం అడ్డదిడ్డంగా పగిలి ఊరుకుంటుంది. ఆ బల్ల దగ్గర నిలబడే ఆడమనిషిని నేనొక్కదాన్నే. పెళ్ళెందుకు చేసుకోలేదమ్మా అని అడిగేవాళ్ళకి ఆ బల్ల వైపు చూపిస్తాను. ఉండేది అక్కా బావల ఇంట్లోనే అయినా తినేది నా రెక్కల కష్టం, అందుకే ఎవరితోనూ మాట పడను. బావ కూడా ఆ షెడ్డులోనే పని చేస్తాడు. నా బల్ల మీదికి పలకలు ఎత్తి పెట్టేది ఆయనే.

అలాంటి దాన్ని, ఈ ఎండలు మొదలైన దగ్గర్నుంచి మూడుసార్లు స్పృహ తప్పాను.

నాకు తెలిసేది తక్కువ. చెవుల్లో హోరు మొదలవుతుంది, ఒళ్ళంతా చెమట పడుతుంది, బల్ల చివర్ల నుంచి చీకటి కమ్ముకుంటూ వస్తుంది. ఆ తర్వాత ఏమీ ఉండదు. మళ్ళీ తెలివి వచ్చేసరికి నా మొహం బావ చొక్కాకి ఆనుకుని ఉంటుంది. మిగిలిందంతా వాళ్ళు చెప్పిందే. నేను తూలగానే బావ వచ్చి చంకల కింద చేతులు వేసి నిలబెట్టేశాడట. ఆ చేతుల్లోనే నేను కొయ్యలా బిగుసుకుపోయి, కళ్ళు తేలేసి, కాళ్ళూ చేతులూ కొట్టుకున్నానట. మూడుసార్లూ అంతే.

మూడోసారి పెద్దాయన నన్ను పక్కకి పిలిచాడు.

"ఇవి ఫిట్సేమో అమ్మా. కాదని డాక్టరు చెప్పేదాకా కట్టరు ముట్టుకోకు. నీ బల్ల ఇంకో కుర్రాడెవడైనా చూసుకుంటాడు. నువ్వు అద్దాలు తుడువు."

"సరేనండీ" అన్నాను.

మామూలుగా అయితే నేను సరే అనే రకం కాదు. ఇంకో రోజైతే ఆయన్ని దులిపేసేదాన్ని. ఆ రోజు కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. నా కట్టరు వేరేవాడి చేతిలో కిర్రుమంటుంటే విన్నాను, గుడ్డ తీసుకుని తుడవడం మొదలుపెట్టాను. ఎవరో పరాయి మనిషి గురించి వింటున్నట్టే ఉంది.

ఇంట్లో అక్క గోల వేరు. ఫోన్లో ఏవేవో చదివి, అన్నం పెడుతూ పెడుతూ "ఏదీ, నాలుక చాపు" అనేది. "కొరుక్కున్నావేమో చూడనీ."

"కొరుక్కోలేదే."

"తెలివి వచ్చాక మనుషుల్ని గుర్తుపట్టావా?"

"మీ ఆయన్ని గుర్తుపట్టాను. ఆ మొహం మర్చిపోదామన్నా కుదరదు కదా."

బావ నవ్వాడు. అక్క నవ్వలేదు. వంటింట్లోకి వెళ్ళి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. నాకు రాని ఏడుపు కూడా అదే ఏడుస్తోంది పాపం అనుకుని, మజ్జిగ పోసుకుని తినేశాను.

ఆసుపత్రిలో పరీక్షలు చేశారు. తలకి తీగలు అంటించారు, గుండెకి తీగలు అంటించారు, రక్తం తీశారు. అన్నీ అయ్యాక నేనూ బావా వెళ్ళి డాక్టరమ్మ ముందు కూర్చున్నాం.

"అన్నీ బాగానే ఉన్నాయి" అందావిడ.

"అయితే ఫిట్స్ కాదన్నట్టేగా?"

"పరీక్ష బాగున్నంత మాత్రాన కాదని చెప్పలేనమ్మా. చూసినవాళ్ళు చెప్పేదే దీనికి ముఖ్యం."

కొండను తవ్వి ఎలుకను పట్టామని మనసులో అనుకున్నాను. ఆవిడ బావ వైపు తిరిగింది. బావ పూసగుచ్చినట్టు చెప్పాడు. మామూలుగా ఆయనకి రెండు మాటలు కలిపి మాట్లాడటం రాదు, ఆ రోజు అన్నీ వచ్చాయి.

"పట్టుకున్నానన్నారు. ఎలా పట్టుకున్నారు?"

బావ నన్ను లేపి చేసి చూపించాడు. చంకల కింద చేతులు వేసి స్తంభంలా నిలబెట్టాడు.

"ఇలా ఎంతసేపు?"

"తెలివి వచ్చేదాకా. మా దగ్గర కింద పడనివ్వం అండీ. ఎట్టి పరిస్థితుల్లోనూ వదలను." ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతులో కాస్త గర్వం కూడా ఉంది.

డాక్టరమ్మ మెల్లగా చెప్పింది. "కళ్ళు తిరిగినప్పుడు తలకి రక్తం సరిగ్గా అందదు. మనిషి కింద పడితే అందుతుంది, తెలివి వచ్చేస్తుంది. పడకుండా నిలబెట్టే ఉంచారనుకోండి, అందదు. అలాంటప్పుడు ఎవరికైనా కాళ్ళూ చేతులూ కొట్టుకోవచ్చు. అది ఫిట్సే అవ్వాలని లేదు."

బావ చేతులు నా చంకల్లోంచి జారిపోయాయి.

"అంటే... నేను పట్టుకోబట్టేనా?"

"తేల్చి చెప్పడం లేదండీ. ఈసారి ఇలా అయితే పడుకోబెట్టండి, కాళ్ళు పైకెత్తండి. అప్పుడు కూడా కొట్టుకుంటే వెంటనే తీసుకురండి, మందులు మొదలుపెడదాం. కొట్టుకోకపోతే చాలావరకు మన అనుమానం తీరినట్టే." తర్వాత నా వైపు చూసింది. "పొద్దున్నుంచి నీళ్ళు ఎన్ని తాగావమ్మా?"

తాగలేదని చెప్పాను. రేకుల షెడ్డు, పొద్దంతా నిలబడే పని. తాగాలనే ఉంటుంది. తాగితే వెళ్ళాలి, వెళ్ళడానికి ఆడవాళ్ళకి అక్కడ చోటు లేదు. వీధి చివర పెట్రోలు బంకు దాకా నడవాలి. వేళకి తాగమంది డాక్టరమ్మ. సరేనన్నాను. సరే అనడం నాకు బాగా అలవాటైపోయింది అప్పటికి.

ఇంటి మెట్ల దగ్గర బావ ఆగాడు. "వదిలెయ్యమంటుందేమిటే ఆవిడ! ఆ పెంకుల మీద నిన్నెలా పడుకోబెడతాను?"

"పడితే పడతాను. ఏమవుతుంది?"

"అలా మాట్లాడకు" అన్నాడు.

మర్నాటి నుంచి అందరికంటే ముందు వెళ్ళి షెడ్డంతా ఊడ్చేవాడు. నేను అద్దాలు తుడిచే చోట పాత కంబళి ఒకటి పరిచాడు. షెడ్డులో అందరూ నవ్వారు, మరదలికి పట్టుపరుపా అని. బావ పట్టించుకోలేదు.

అయినా పడేది చెప్పి పడతామా? ఒక మధ్యాహ్నం గుడ్డ తడుపుకుందామని బకెట్ దగ్గరికి వెళ్ళాను. చెవుల్లో హోరు మొదలైంది. కంబళి ఎక్కడో వెనకాల ఉండిపోయింది. పెద్ద పలక పట్టుకుని బావ ఎదురుగా వస్తుండటం కనిపించింది. చివరగా వినిపించింది అద్దం భళ్ళున పగలడం.

తర్వాత జరిగింది మళ్ళీ వాళ్ళు చెప్పిందే. బావ చేతిలో పలక వదిలేసి నన్ను పట్టుకున్నాడట. పగిలిన అద్దమంతా మా కాళ్ళ చుట్టూ పరుచుకుని ఉంది. "వదలకు, వదలకు" అని షెడ్డంతా అరుస్తున్నారట. పెద్దాయన కూడా అరిచాడట. బావ ఒక్క క్షణం అలాగే నిలబడి, ఆ పెంకుల్లోనే మోకాళ్ళ మీద కూలబడి, మోచేత్తో కొంత చోటు తుడిచి, నన్ను నేల మీద పడుకోబెట్టాడు.

నేను కళ్ళు తెరిచేసరికి రేకుల కప్పు కనిపించింది. చొక్కా కాదు, కప్పు.

"కొట్టుకోలేదు!" ఎవరో అన్నారు. "ఒక్కసారి కూడా కొట్టుకోలేదు!"

నా కాళ్ళు రెండూ బావ భుజం మీద ఉన్నాయి. ఆయన మోచేతి నుంచి రక్తం కారుతోంది, ప్యాంటు మోకాళ్ళ దగ్గర తడిసిపోయి ఉంది. అది చూస్తుంటే నా భుజం చుర్రుమంది, ఏదో పెంకు దిగింది. అమ్మో, ఎంత మంటో! ఇన్నాళ్ళకి నాకు నొప్పి తెలిసింది. ఏడుపొచ్చేసింది. ఆపుదామన్నా ఆగలేదు.

పెద్దాయన గ్లాసుతో నీళ్ళు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. "తాగమ్మా, ముందు నీళ్ళు తాగు."

"తాగి ఎక్కడికెళ్ళమంటారు?" పడుకునే అరిచాను. "ఎన్నాళ్ళ నుంచి అడుగుతున్నా బాత్రూం కట్టించమని! మనిషిని కింద పడనివ్వకూడదని పాఠాలు చెప్పడం కాదు! నా కట్టరు ఏదీ? ఎవడి దగ్గరుంది? తెచ్చి నా బల్ల మీద పెట్టండి!"

పెద్దాయన గ్లాసుతో నా మీదికి వంగాడు. "పెడతాను" అన్నాడు. "కట్టిస్తాను కూడా. ముందు తాగు తల్లీ."

లేవబోయాను. బావ నా కాళ్ళు వదల్లేదు.

"ఇంక దించు బావా. తెలివి వచ్చిందిగా."

"ఎంతసేపు పట్టుకోవాలో డాక్టరమ్మ చెప్పలేదు" అన్నాడు, ముక్కు ఎగపీల్చుకుంటూ. ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.