రెండక్షరాల జవాబు

"నోరు లేనోడివని ఊరుకుంటున్నా, లేకపోతే కడిగేసేదాన్ని. మీ అన్న ప్రాణం పోతుంటే ఆసుపత్రికి రాకుండా కుట్టుమిషన్ తొక్కుకుంటూ కూర్చున్నావు. కాదని చెప్పు!"

ఎలా చెప్తాడు? గొంతు ఆపరేషనయ్యాక మరిదికి మాట పోయింది. రాసిస్తే వదినకి చదవడం రాదు. ఇంటిగుట్టు పక్కవాళ్లతో చదివించుకునే రకమూ కాదు. అందుకే, ఆదేశాలు టైపు చేస్తే పనిచేసే లినక్స్ ఫోనొకటి కొన్నాడు. నల్లతెర మీద మాట కొడితే, రైలొస్తోందని చెప్పే గొంతుతో అది పలుకుతుంది. కానీ అతను ఒక్క ముక్క కొట్టేలోపు ఆమె ఇంకో పది అనేసి వంటింట్లోకి పోయేది.

పాత గొడవే కదా, ఆమె దెప్పులూ పాతవే. ఒక్కోదానికి ఒక్కో జవాబు ముందే రాసి, రెండక్షరాలు కొడితే అదంతా పలికేలా షార్ట్‌కట్‌లు పెట్టుకున్నాడు. ఒంటరిగా సరిచూసుకుంటే బాగానే ఉండేవి. ఫోన్ ఆపి తెరిస్తే మాయం. 'అలాంటి ఆదేశం లేదు' అని తెర మీద పడేది. పలకని మాట ఛార్జింగ్ కన్నంలోంచి బూడిదరంగు దారప్పోగై నేల మీద రాలేది. వదిన ఊడ్చేది. పొయ్యిలో వేసినా కాలవు కాబట్టి గుడ్డపీలికల సంచిలో కుక్కేది.

"చెప్పుల కొట్టతను ముందుగది అద్దెకి అడిగాడు. అడ్వాన్సు తీసేసుకున్నా. నెలాఖరుకి నీ మిషన్ ఎత్తెయ్" అంది వదిన ఓ రోజు.

ఆ గదే మరిది దర్జీ కొట్టు, పడక, కూడు. రెండక్షరాలు కొట్టాడు. దారప్పోగు రాలింది. లేచి వెళ్లి, వీధి చివర ఫోన్లు బాగుచేసే అమ్మాయిని వెంటబెట్టుకొచ్చాడు.

ఆ పిల్ల కాసేపు కెలికి నవ్వింది. "లేవగానే ఈ ఫోన్ ఒక ఫైలు చదువుకుంటుంది బాబాయ్. నువ్వు రాసింది పక్క ఫైల్లో. కంప్యూటరైతే అదే చదువుతుందేమో, ఇది దాని మొహం కూడా చూడదు."

"అంటే ఇన్నాళ్లూ గోడకి చెప్పుకున్నాడా?" అంది వదిన చీపురు పట్టుకుని.

"అంతే పిన్నీ."

అమ్మాయి ఆ జవాబులన్నీ సరైన ఫైల్లోకి మార్చి, ఫోన్ ఆపి తెరిచింది. సంచిలోంచి దారప్పోగులు చీమలబారులా వచ్చి కన్నంలో దూరాయి. ఫోన్ పలకడం మొదలుపెట్టింది.

"కూరలో ఉప్పెక్కువని నేననలేదు వదినా, అన్నే అన్నాడు."

"తలుపు తోసింది నేను కాదు, పిల్లి."

"ఆ సాయంత్రం డాక్టర్లు రేపు ఇంటికి పంపిస్తామన్నారు. చెయ్యి లేవట్లేదురా, పక్కన ముళ్లేసుకునే చొక్కా ఒకటి కుట్టుకురా అన్నాడు అన్న. అదే కుడుతున్నా. తెచ్చేసరికి అయిపోయింది."

పోయిన మొగుడికి ఆ చొక్కా ఆమే తొడిగింది. ముళ్లూ ఆమే వేసింది. ఆసుపత్రివాళ్లిచ్చారనుకుంది. కొలత అంత సరిగ్గా ఎలా కుదిరిందని ఆ పూట ఎవరికి తడుతుంది? చీపురు గోడకి ఆనించి గడప మీద కూర్చుంది. మరిది తల వంచుకుని నిలబడ్డాడు.

"ఇంకా చాలా ఉన్నాయి పిన్నీ. ఆపనా?"

"ఆపకు. నేనన్నవన్నీ వాడు విన్నాడుగా."

సంచి ఖాళీ అయ్యేదాకా విని, లేచి చెప్పుల కొట్టుకి పోయింది. అతనిచ్చిన అడ్వాన్సు పద్దెనిమిది వేలు. మాట తప్పినందుకు ఇంకో వెయ్యి పెట్టమన్నాడు. ఆకుకూర కట్ట దగ్గర కూడా బేరమాడే మనిషి, నోరెత్తకుండా పంతొమ్మిది వేలు అతని బల్ల మీద పెట్టి వచ్చేసింది.