నీలం చొక్కా

తడి తువ్వాలు మంచం మీద పడేసి, "పికప్ దట్ టవల్ క్విక్‌లీ" అన్నాడు అనుదీప్. సుహాసిని తీసి ఆరేసింది. ఆమె ఇంగ్లిష్ పాఠాలు చెప్పడం మొదలుపెట్టిన నాటి నుంచి భార్యకు అతను వేసే హుకుములన్నీ ఇంగ్లిష్‌లోనే. "నీకు ప్రాక్టీస్ అయితది గద" అని నవ్వుతాడు. కొడుకు చమత్కారానికి అత్తగారు రాజకుమారి మురిసిపోతుంది. గిన్నెలు తోమే దుర్గమ్మతో మాత్రం "అక్కా, జర ఈ గ్లాసు గూడ కడుగవా" అంటాడు. దుర్గమ్మకు కోపమొస్తే రేపు రాదు. పెళ్లాం ఎక్కడికి పోతుంది?

ఆ పొద్దున ఇంకో హుకుం కూడా జారీ అయింది. అశోక్‌నగర్‌లో ఆమె పాఠాలు చెప్పే కోచింగ్ సెంటర్ యజమాని సూర్యనారాయణమూర్తి గారు, సాయంత్రం బ్యాచ్ కూడా తీసుకుంటే ఉద్యోగం పర్మనెంట్ చేస్తానన్నారు. ఇవాళే చెప్పాలి, లేకపోతే ఇంకొకరిని చూసుకుంటారట. అనుదీప్ షూ లేసు కట్టుకుంటూనే తేల్చేశాడు. సాయంత్రం పూట ఆడమనిషి ఇంట్లో లేకుంటే ఎట్ల? టర్న్ ఇట్ డౌన్, పొలైట్‌లీ.

ఇంటిపని ముగించుకుని చిక్కడపల్లి నుంచి నడిచి వెళ్లేసరికి క్లాసుకు ఆలస్యమైంది. ఉదాహరణలు ఆలోచించుకునే తీరిక ఎక్కడిది? ఆ రోజు పాఠం, ఇంగ్లిష్‌లో రోజూ వాడే ఆజ్ఞలు. క్రియ కింద గీత గీయాలి, పని ఎలా చెయ్యాలో చెప్పే మాట చుట్టూ సున్నా చుట్టాలి, స్విచాఫ్ లాంటి జంట మాటల కింద రెండు గీతలు పెట్టాలి. చాక్‌పీసు పట్టుకోగానే వాక్యాలు వాటంతటవే వచ్చి పడ్డాయి. వేకప్ ఎర్లీ. టాక్ సాఫ్ట్‌లీ. క్లియరప్ ద కిచెన్. ఐరన్ మై బ్లూ షర్ట్ ప్రాపర్‌లీ. బోర్డు నిండిపోయినా ఇంకా వస్తూనే ఉన్నాయి. సున్నాలు చుడుతుంటే తెలిసింది, తన ఇంట్లో పని చెప్పి ఊరుకోరు. తొందరగా చెయ్యాలి, చప్పుడు కాకుండా చెయ్యాలి, మొహం మాడ్చుకోకుండా చెయ్యాలి. చేశాక ఎవరైనా అన్న మంచి మాట ఒక్కటి రాద్దామంటే, ఎంత వెతికినా గుర్తు రాలేదు.

ముందు బెంచీలోంచి అంబిక చెయ్యెత్తింది. "మేడం, ఆ బ్లూ షర్ట్ మీ సార్‌దా?"

క్లాసంతా ఘొల్లుమంది. సుహాసిని ఒళ్లు సిగ్గుతో భగ్గుమంది. రేపు పోటీ పరీక్షలు రాయబోయే పిల్లలు తన మొగుడి హుకుములను పొందిగ్గా నోట్సుల్లోకి ఎక్కించుకుంటున్నారు. ఆ పిల్లల మీద ఆమెకు కోపం రాలేదు. ఇన్నేళ్లూ దీన్ని కాపురం అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"అవునమ్మా, మా ఆయనదే" అంది. నవ్వులు ఆగిపోయాయి. ఆమె పాఠం పూర్తిచేసింది.

సాయంత్రం గడపలో షూ విప్పుతూనే అనుదీప్ అడిగాడు, వద్దని చెప్పేశావా అని. ఆమె అతనూ అత్తగారూ చూస్తుండగానే సూర్యనారాయణమూర్తి గారికి ఫోను చేసింది.

"సార్, సాయంత్రం బ్యాచ్ నేను తీసుకుంటున్న. రేపటి సంది వస్త."

అత్తగారే ముందు అడిగింది. "మరి పొయ్యి కాడ ఎవరుంటరు?"

సుహాసిని కంచం తెచ్చుకుని, వేడన్నం వడ్డించుకుని, ఆ ఇంటికి కోడలిగా వచ్చాక మొదటిసారి అందరికంటే ముందు తినడానికి కూర్చుంది.