శిరీషకు చెప్పని మాట

పసుపు మార్కెట్ యార్డులో నడుస్తున్నాను, కుప్పలు ఎంతకీ అయిపోవడం లేదు. ఒకటి దాటితే ఇంకొకటి, కొమ్ముల మీది దుమ్ము ఎండలో లేచి గాలంతా పసుపురంగుకు తిరిగింది, ఎక్కడో ఎవరో దగ్గుతున్నారు, ఆ దగ్గు మా ఇంటి నడిగదిలోంచి వస్తున్నట్టే ఉంది గాని ఇల్లు ఏ దిక్కున ఉందో గుర్తుకు రావడం లేదు. నా పిడికిలిలో మందుల అట్ట ఉంది. నా కోడలు శిరీషకు ఫ్లూ అని తేల్చి పొద్దున డాక్టరమ్మ రాసిచ్చిన క్యాప్సూళ్లు అవి. శిరీషకు ఏడో నెల. ఆలస్యమవుతోంది, పరుగెత్తాలి, కాళ్లేమో కొమ్ముల్లోకి దిగబడుతున్నాయి.

ఒక కుప్ప పక్కన, గోనెసంచి మీద, నా చెల్లెలు జమున కూర్చుని ఉంది. ఆమె పోయి చాలా ఏళ్లయిందని నాకు తెలుసు, ఊళ్లకు ఊళ్లు స్వైన్ ఫ్లూకు భయపడిన ఏడాది కడుపుతో ఉండగానే పోయిందని తెలుసు, అయినా ఆమెను అక్కడ చూడడం వింతగా లేదు. యార్డుకు ఎందుకు వచ్చానో ఇప్పుడే తెలిసినట్టుంది. కడుపు అలాగే ఉంది. కొంగును ముక్కుకూ నోటికీ అడ్డం పెట్టుకుంది. ఊపిరికి ఆ బట్ట లోపలికి పోయి మళ్లీ ఉబ్బుతోంది.

"గంత తొందరేందక్కా? కూసో."

"కూసునే యాళ్ల గాదే. శిరీష గోలీలు ఏసుకుంటలేదు. బిడ్డకేమన్న అయితదని భయపడుతుంది."

"నేను గూడ గట్లనే భయపడ్డ," అంటుంది జమున, వాతావరణం గురించి చెప్పినంత మామూలుగా.

నేను కూర్చుంటాను. కూర్చున్నది సంచి మీద కాదు, ఏదో దవాఖాన వరండాలో ఇనుప బెంచీ మీద. పసుపు దుమ్ము మాత్రం ఇక్కడా రాలుతోంది, మా ఎదురుగా ముఖాలు కనిపించని జనం వరుసగా నిలబడి తమ వంతు కోసం చూస్తున్నారు.

"డాక్టరు రాసిచ్చిండు," అంటుంది జమున. "ఉత్త జ్వరమే గదా, ఆవిరి వడితే పోతదనుకున్న. గా మందు లోపలికి పోతే బిడ్డ ఏమైతదో అనుకున్న. ఊపిరి ఆడనప్పుడు మింగిన. బిడ్డ కోసమే గదక్కా నేను ఆగింది. నాది తప్పేనా?"

వరండాలో దగ్గులన్నీ ఒక్కసారి ఆగిపోతాయి. అందరూ నా జవాబు కోసమే చూస్తున్నారు. ఇంటిల్లిపాదీ ఆమె వెనకాల ఎప్పుడో చెప్పేసుకున్న జవాబు నాకు తెలుసు: మొండిది, చెప్తే వినలేదు, పానం మీదికి తెచ్చుకున్నది. ఆ మాట నా నాలుక మీదికి రాదు.

"తప్పు గాదే," అంటాను. "నీ పక్కన కూసుని ఇడమరిచి చెప్పినోళ్లు ఎవరున్నరు? డాక్టరు చీటి రాసి ఇంకొకల్లను పిలిచిండు. మీ అత్తగారింట్ల కషాయం కాచిన్రు. భయమంత నువ్వొక్కదానివే పడ్డవు."

ఆమె కళ్లు తుడుచుకుంటుంది. చేతికి పసుపు అంటుతుంది.

"మరి ఈ డాక్టరమ్మ ఏమన్నది?"

"జ్వరమొచ్చిన రెండు దినాలల్ల మొదలువెడితేనే మందు బాగ పనిచేస్తదట. శిరీషకు నిన్ననే వచ్చింది. కడుపుతోని ఉన్నోళ్లకు జ్వరం ఊపిరితిత్తులకు దిగే భయం ఎక్కువ, గందుకే ఆగొద్దన్నది. బిడ్డకు మందుతోని కన్న జ్వరంతోనే ముప్పు అన్నది. నాకు గూడ ఇచ్చిందే. నాకు ఉబ్బసం గదా, దానికాడ నేనే ఉంటున్న గదా, నాకు అంటకుండ దినానికొకటి."

"ఇద్దరికి ఒక్కటే మందా?"

"ఒక్కటే. దానికి పొద్దున ఒకటి, మాపటికి ఒకటి."

జమున తల ఊపుతుంది. మా మధ్య బెంచీ పొడవు పెరుగుతోందని అప్పుడు గమనిస్తాను.

"నా గురించి దానికి చెప్పినవా?"

ఏం చెప్పను? నిండు నెలలకు దగ్గరవుతున్న పిల్లకు కడుపుతో పోయినదాని కథ చెప్పడమా? దాని పెళ్లప్పుడే గోడ మీది నుంచి జమున ఫోటో తీసి లోపల పెట్టాం. చిన్నత్త ఒకామె జ్వరంతో పోయిందని మాత్రమే శిరీష విన్నది.

"అశుభమని..." అంటాను.

"నేను అశుభమా అక్కా?"

చెయ్యి చాపుతాను, అందదు. బెంచీ చివర లారీ అయింది, సంచుల మీద జమున వెళ్లిపోతోంది, దుమ్ము కమ్ముకుంటోంది, పిలవాలని నోరు తెరిస్తే గొంతు నిండా పసుపు.

"నన్ను గాదు," అంటోంది దుమ్ములోంచి. "దాన్ని పిలువు. యాళ్లయితుంది."

లేచేసరికి నడిగది గుమ్మం బయట కుర్చీలో ఉన్నాను. మధ్యాహ్నపు ఎండ గచ్చు మీద పడుతోంది. లోపల శిరీష మంచం మీద పక్కకు తిరిగి పడుకుని ఉంది, కళ్లు తెరిచే ఉన్నాయి, స్టూలు మీద అట్టలో ఒక్క క్యాప్సూలు కూడా తీయలేదు.

మాస్కు పెట్టుకుని లోపలికి వెళ్తాను. ఆమెకూ ఒకటి ఇచ్చి, కిటికీ తెరిచి, పక్కన కూర్చుంటాను. జమున సంగతి అంతా చెబుతాను: ఆవిరి, కషాయం, ఆగడం, ఊపిరాడక ఆమె నా చెయ్యి పట్టుకున్న తీరు.

"నిన్ను బెదిరియ్యనీకి చెప్తలేను బిడ్డా. ఆమెకు ఎవరం చెప్పలేదు. గందుకు చెప్తున్న."

శిరీష లేచి కూర్చుని, స్టూలు మీది అట్ట చేతిలోకి తీసుకుంటుంది.

"ఉత్త కడుపు మీద ఏసుకుంటే కక్కొస్తదన్నది గదా డాక్టరమ్మ," అంటుంది. "ఇంత జావ పోసియ్యి అత్తమ్మా."

జావ తాగి, క్యాప్సూలు మింగి, మాస్కు మళ్లీ సర్దుకుంటుంది. జ్వరం తగ్గలేదు, ఒళ్లు కాలుతూనే ఉంది. ఆయాసం వస్తే వెంటనే దవాఖానకు తీసుకురమ్మన్నారు, అందుకే ఆమె ఊపిరినే చూస్తూ కూర్చుంటాను.

"ఆమె పేరేంది అత్తమ్మా?"

"జమున."

"జమున," అంటుంది శిరీష. ఆ పేరుకు ఆమె నోటి మీది బట్ట ఉబ్బి, మెల్లగా లోపలికి పోతుంది.