పదకొండో పేజీలో ఉన్న మాట

నేను ఒక ఒప్పంద పత్రాన్ని. ముందు ఒక స్టాంపు కాగితం, దాని వెనక ముప్పై నాలుగు పేజీలు, పైన అట్ట, చుట్టూ ఎర్ర నాడా. ఒక జిల్లా ఆసుపత్రిలో పేదలకు ఉచితంగా డయాలసిస్ చేసే మూడు యంత్రాలను ఎవరు, ఎలా చూసుకోవాలో నాలో రాసి ఉంది. అదంతా ఇంగ్లీషులో ఉంది.

సూపరింటెండెంటు గదిలో, ఒక మధ్యాహ్నం నా మీద సంతకాలు పడ్డాయి. యంత్రాలు చూసుకునే కంపెనీ మనిషి పేజీలు తిప్పుతూ సంతకం చేసుకుంటూ పోయాడు, సూపరింటెండెంటు అతని వెనకే చేసుకుంటూ వచ్చారు. వాళ్ళ ముందున్న టీ చల్లారకముందే పని అయిపోయింది. ఒక్క వాక్యమైనా చదవకుండా ఇంత పెద్దవాళ్ళు నన్ను నమ్మారే అని మురిసిపోయాను. కొత్త కాగితాన్ని కదా, నాకేం తెలుసు!

ఆ సాయంత్రమే సీనియర్ అసిస్టెంటు షఫీయుద్దీన్ నన్ను తన కుర్చీ వెనకున్న ఇనప బీరువాలో పెట్టి తాళం వేశాడు. మంచివాడు, నెమ్మదస్తుడు. ఫైలు అంచు మడతపడితే నొచ్చుకునే మనిషి. రెండేళ్ళు అక్కడే ఉన్నాను. బయట మాట్లాడే మాటలు బీరువా సందులోంచి వినిపించేవి.

మార్చి నాలుగో తారీఖున రెండు యంత్రాలు ఆగిపోయాయి. మిగిలిన ఒక్కటి అందరికీ సరిపోదు కనుక సగం మందిని హైదరాబాదు పొమ్మన్నారు. వాళ్ళలో రాజలింగం ఒకడు. దర్జీ పని చేసేవాడు. వారానికి మూడుసార్లు నూట ఇరవై కిలోమీటర్లు బస్సులో పోయి, రక్తం శుభ్రం చేయించుకుని, మళ్ళీ అదే బస్సులో వాంతులు చేసుకుంటూ రావాలి. అతని భార్య బాలమణి బీడీలు చుడుతుంది. పది రోజులు చూసి ఆమె షఫీయుద్దీన్ బల్ల ముందు నిలబడింది.

"మిషిన్లు ఎప్పుడు బాగైతయి సార్?"

"కంపెనీవాళ్ళు రావాలెనమ్మా. మా చేతుల ఏముంది?"

"ఎన్ని దినాలల్ల రావాలెనో రాసుకోలేదా? ఇల్లు కిరాయికిస్తేనే కాగితం రాసుకుంటరు గద."

"రాసుకున్నరు. అది బయటికిచ్చేది కాదు."

బీరువాలో నేను ఉలిక్కిపడ్డాను. నన్ను ఎవరికీ చూపించకూడదని నాలో ఎక్కడా లేదు మరి.

బాలమణి సమాచార హక్కు కింద అర్జీ పెట్టింది. గడువు చివరి రోజున జవాబు వెళ్ళింది. అది టైపు చేసింది షఫీయుద్దీనే. అందులో రెండే వాక్యాలు: అడిగినది వాణిజ్య రహస్యం, ఇవ్వడం వీలుకాదు. ఆమె ఆ జవాబు పట్టుకుని అప్పీలుకు వెళ్ళింది. విచారణ తేదీ వచ్చేలోగా, మే నెల ఎండల్లో, తిరిగి వచ్చే బస్సులో రాజలింగం ఆమె భుజం మీదే ప్రాణం వదిలాడు. ఆ కబురు మా గదికి ఒక నర్సు తెచ్చింది. షఫీయుద్దీన్ ఆమె అర్జీ తీసి, మీదున్న తేదీ చూశాడు.

జూన్‌లో విచారణ. నన్ను బీరువాలోంచి తీసి అప్పీలు అధికారి బల్ల మీద పెట్టారు. ఆ అధికారి అర్జీ చూసి, బాలమణిని చూసి, గొంతు తగ్గించి అడిగింది.

"మీవారు పోయారని తెలిసింది. ఇప్పుడు ఈ కాగితంతో మీకేం అవసరమమ్మా?"

"నా అవసరం తీరింది మేడం," అంది బాలమణి. "ఆడ ఇంక పదకొండు మంది ఉన్నరు. వాళ్ళు కూడ బస్సులల్లనే పోతున్నరు."

 అధికారి నా నాడా విప్పి పేజీలు తిప్పింది. పదకొండో పేజీ దగ్గర ఆగి, నన్ను షఫీయుద్దీన్ ముందుకు జరిపింది. "ఆమెకు అర్థమయ్యేలా తెలుగులో చెప్పండి."

అతను కళ్ళజోడు సర్దుకుని ఒక్కో మాట కూడబలుక్కుంటూ చదివాడు. యంత్రం ఆగిందని ఆసుపత్రి రాతపూర్వకంగా తెలిపిన రెండు రోజుల్లో కంపెనీ బాగుచేయాలి. చేయలేకపోతే మరో యంత్రం తెచ్చి పెట్టాలి.

"రాసి పంపారా?" అని అధికారి అడిగింది.

పక్కనే కూర్చున్న సూపరింటెండెంటు ఇబ్బందిగా కదిలారు. "ఫోన్ చేశామండీ. నాలుగైదు సార్లు చేశాం."

బాలమణి షఫీయుద్దీన్ వైపు తిరిగింది. "నాలుగో తారీఖు రాసి పంపితే ఆరో తారీఖుకు మిషిను నడుస్తుండె, అంతేనా సార్? నేను మీ ముంగట నిలబడ్డప్పుడు ఈ ముచ్చట మీకెరికేనా?"

"లేదమ్మా," అన్నాడతను.  "నేను గూడ ఇయ్యాల్నే చదివిన."

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. నకలు ఇప్పిస్తామని అధికారి అంటే తల అడ్డంగా ఊపింది.

"నాకొక్కదానికిస్తే నా పెట్టెల ఉంటది. అందరికి కానొచ్చేటట్టు నెట్ల పెట్టున్రి. మంచం మీద పండుకున్నోడు ఫోన్ల సూసుకోవాలె. తెలుగుల గూడ పెట్టున్రి. మందుల కాగితం, అంబులెన్సు కాగితం, అన్ని పెట్టున్రి. ఇంకోళ్ళు నా లెక్క మూడు నెలలు తిరగొద్దు."

మిగతా కాగితాల సంగతి తన పరిధిలో లేదని, పైవాళ్ళకు రాస్తానని అధికారి చెప్పింది. నన్ను మాత్రం జిల్లా వెబ్‌సైటులో పెట్టాలని ఉత్తర్వు రాసింది.

షఫీయుద్దీన్ నన్ను తానే స్కాన్ చేశాడు. పదకొండో పేజీని రెండుసార్లు చేశాడు, మొదటిసారి అక్షరాలు మసకగా వచ్చాయని. దాని తెలుగు తన చేత్తో రాసి పక్కన పెట్టాడు. సూపరింటెండెంటు ఫిర్యాదు రాసి పంపిన మర్నాడే కంపెనీ మనుషులు వచ్చి యంత్రాలు బాగుచేశారు. ఆగస్టులో మళ్ళీ ఒకటి ఆగినప్పుడు మంచం మీదున్న రోగే ఆ పేజీ ఫోన్‌లో చూపించి ఫిర్యాదు రాయించాడట. మర్నాడు సాయంత్రానికి అది నడిచింది. ఆ మాట విని నాకు సంతోషం కలగాలి. కలిగింది కూడా. కానీ అరలో పడుకుని మార్చి నుంచి మే దాకా గడిచిన రోజులు గుర్తుచేసుకుంటే ఆ సంతోషం ఎంతోసేపు నిలవదు.

మళ్ళీ బీరువాలోనే ఉన్నాను. నా చుట్టూ రెండు వందల ఫైళ్ళు ఉన్నాయి. ఈమధ్య షఫీయుద్దీన్ మధ్యాహ్నం అన్నం తిన్నాక ఒక్కో ఫైలు తీసి మొదటినుంచి చదువుతున్నాడు. మొన్న అంబులెన్సుల ఒప్పందం తీశాడు. తొమ్మిదో పేజీ దగ్గర ఆగి, వెనక్కి తిప్పి మళ్ళీ చదివి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ఆ పేజీలో ఏముందో నాకు కనిపించలేదు. మీకూ కనిపించదు. దాన్ని నెట్‌లో పెట్టమని ఇంకా ఎవరూ ఉత్తర్వు ఇవ్వలేదు.