ముందు వరసలో బావ

టైల్సాయన ఏ సరుకునూ వెనక్కి తిప్పి చూడకుండా కొనేవాడు కాదు. టైలు పైన ఎంత నిగనిగలాడినా ఆయనకు పట్టదు. బోర్లా తిప్పి, వేలి కణుపుతో కొట్టి, ఆ చప్పుడు విని, అప్పుడు గానీ ఊ అనడు. ఇన్నేళ్ళుగా షాపును నిలబెట్టింది ఆ అలవాటే. అందుకే అది ఇంటికీ పాకింది. కుర్చీ కొన్నా తిప్పి చూస్తాడు, గొడుగు కొన్నా తిప్పి చూస్తాడు. పెళ్ళికి ముందు తననొక్కదాన్నే ఎలా వదిలేశాడో అని ఆయన భార్య ఇప్పటికీ నవ్వుతుంది.

అలాంటి మనిషి ఒక సాయంత్రం కూతురి స్కూల్లో నోరెళ్ళబెట్టి కూర్చున్నాడు. స్టేజీ మీద గారడీ చేస్తున్నది పరాయివాడేం కాదు, సొంత బావమరిది. చిన్నప్పుడు ఇంట్లో చెంచాలూ తాళంచెవులూ మాయం చేసేవాడని వాడికి ‘చేతివాటం’ అని పేరు పెట్టారు. పెద్దయ్యాక అదే బతుకుతెరువైంది. వాడు స్టేజీ దిగొచ్చి, బావ అరచేతిలో నాణెం పెట్టి, గుప్పిట మూయించి, ఉఫ్ మని ఊదాడు. గుప్పిట విప్పితే ఖాళీ. నాణెం బావ చెవి వెనక దొరికింది. పిల్లలందరూ ఘొల్లుమని నవ్వారు. టైల్సాయన ఇంటిదాకా చెవి తడుముకుంటూనే నడిచాడు.

“షాపు వెనక గోడౌను ఖాళీగానే ఉందిగా. దాన్ని హాలు చేసి మీ తమ్ముడికిస్తాను,” అన్నాడు భార్యతో. “వాడి చెయ్యి, నా పెట్టుబడి.”

“మాట్లాడుతోంది మీరేనా?” అందావిడ. అని, చటుక్కున వంటింట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకుంది. ఒక్కగానొక్క తమ్ముడు ఊళ్ళు పట్టుకు తిరగడం మానేసి కళ్ళముందు ఉంటాడంటే ఆవిడకు అంతకన్నా కావలసిందేముంది?

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. కానీ ఆయన టైల్సాయన కదా! గోడౌనులో సరుకంతా ఖాళీ చేయించాక బావమరిదిని కూర్చోబెట్టి, “అన్నీ చేసి చూపించు,” అన్నాడు.

“మొన్న చూశారుగా బావా.”

“పైన చూశాను. వెనక చూపించు. నాణెం ఎక్కడికి పోతోంది, రుమాలు ఎక్కణ్ణుంచి వస్తోంది, అన్నీ. నేను డబ్బు పెట్టే సరుకు నాకు తెలియాలా వద్దా?”

వాడు నీళ్ళు నమిలాడు. “తెలిస్తే మజా పోతుంది బావా. అక్కక్కూడా ఎప్పుడూ చెప్పలేదు.”

“అక్క పెట్టుబడి పెట్టట్లేదుగా?”

ఆ మధ్యాహ్నం తలుపు గడియపెట్టి, తనకున్న విద్యంతా ఒక్కొక్కటే విప్పి చూపించాడు. చేతులు మార్చే ఆటలో నాణెం అసలు కుడిచేతిలోకి రానేరాదు. ఎడంచేతి వేళ్ళ మధ్యే ఉండిపోయి, మెల్లగా ఎడం చొక్కాచేతి మడతలోకి జారుతుంది. వాడు కుడిచేతిని చూస్తాడు కాబట్టి లోకమంతా కుడిచేతినే చూస్తుంది. అంతే సంగతి.

“ఓస్, ఇంతేనా!” అన్నాడు టైల్సాయన.

బావమరిది నవ్వాడు గానీ, ఆ నవ్వు ఆ మాట తగిలాక వచ్చిన నవ్వు. టైల్సాయన గమనించలేదు. మనసులో మాత్రం ఏదో చిన్నగా చచ్చినట్టనిపించింది. చెవి తడుముకోబోయి మానేశాడు.

హాలు ముచ్చటగా తయారైంది. ఎర్ర తెర, వరసలుగా కుర్చీలు, గుమ్మం దగ్గర టికెట్ల బల్ల. బల్ల దగ్గర అక్క కూర్చునేది. ముందు వరసలో మధ్య కుర్చీ మాత్రం టైల్సాయనది. షాపు కట్టేసి, చొక్కా మార్చుకుని, ఒక్క ఆటా వదలకుండా వచ్చి కూర్చునేవాడు. ఆయనకు అటూ ఇటూ కూతురూ, దాని స్నేహితులూ.

నవ్వడానికి రాలేదాయన, కాపలాకి వచ్చాడు. వేళ్ళ మధ్యనుంచి నాణెం కింద పడుతుందేమో, మడత విడిపోతుందేమో, అందరిముందూ పరువు పోతుందేమో అని ఆయన గుండె పీచుపీచుమనేది. బావమరిది చెయ్యి లేపితే చాలు, ఈయన గుటకలు మింగేవాడు.

మొదట్లో జనం బాగానే వచ్చారు. కొన్ని వారాలకే సంగతి చెడింది. వాడు ఇలా ఊదాడో లేదో, ముందు వరసలోంచి ఓ పిల్ల “ఎడంచేతిలో!” అని అరిచేది. మర్నాడు ఇంకొకడు. ఆ పైన వెనక వరసలవాళ్ళూ అందుకున్నారు. కొత్త ఆటలు పెడితే అవీ పట్టుబడ్డాయి. ఆ కొత్త ఆటలనూ ముందుగా బావకు విప్పి చూపించాల్సిందే, ఒప్పందం అదే మరి.

ఒకరోజు బావమరిది మెల్లగా అన్నాడు: “వెనక వరసలో ఫ్యానుగాలి బాగా తగులుతుంది బావా. అక్కడ కూర్చుంటే హాయిగా ఉంటుంది.”

“నా హాల్లో నేను వెనక కూర్చోవడమేంట్రా!” అని కొట్టిపారేశాడు టైల్సాయన.

గారడీవాడి గుట్టు చిన్నపిల్లలకే తెలిసిపోతే పెద్దవాళ్ళెవరు వస్తారు? కుర్చీలు ఖాళీ అయ్యాయి. వాడు పొద్దున లేచింది మొదలు అద్దం ముందు నిలబడి సాధన చేసేవాడు. వేళ్ళు వాచిపోతే అక్క వేడినీళ్ళ కాపడం పెట్టేది. చివరికి ఓ సాయంత్రం, హాల్లో నలుగురే ఉన్న ఆట అయ్యాక, టైల్సాయన తెర వెనక్కి వెళ్ళి కుండబద్దలు కొట్టినట్టు చెప్పేశాడు.

“నీ చెయ్యి పోయిందిరా. ఇంక నావల్ల కాదు.”

వాడు రుమాళ్ళు మడతపెట్టి పెట్టెలో సర్దుకున్నాడు.

హాల్లోకి మళ్ళీ టైల్స్ పెట్టెలు చేరాయి. బావమరిదికి వేరే ఊళ్ళో పార్సిళ్ళ ఆఫీసులో పని దొరికింది. వెళ్ళేముందు హాలు తాళంచెవులు ఇచ్చిపోదామని ఇంటికొచ్చాడు. అక్క టీ తెచ్చిచ్చి, వాడి ముఖంలోకి చూడలేక కిటికీ దగ్గర నిలబడింది. తాళంచెవులు బల్ల మీద పెట్టి లేవబోతుంటే కూతురు అడ్డుపడింది.

“మావయ్యా, ఒక్కటి. ఒక్కటంటే ఒక్కటి చేసి వెళ్ళు.”

వాడు జేబులోంచి నాణెం తీశాడు. చేతులు మార్చాడు, ఊదాడు. టైల్సాయన ఊపిరి బిగబట్టాడు. ఎంత శుభ్రంగా చేశాడు! ఆ చెయ్యికేం కాలేదని ఆయనకు అప్పుడు తెలిసింది. కూతురు మాత్రం మావయ్య చేతులవైపు చూడనే లేదు. తండ్రి ముఖం చూసింది.

“ఎడంచేతిలో!”

“ఎలా కనిపెట్టావే?” అన్నాడు టైల్సాయన.

“నిన్ను చూసి! నువ్వెటు చూస్తే అటే ఉంటుందిగా. హాల్లో అందరం అలాగే చెప్పేవాళ్ళం. మా స్కూల్లో అందరికీ తెలుసు నాన్నా.”

టైల్సాయన బావమరిదివైపు చూశాడు. వాడు ఆశ్చర్యపోలేదు. టీ గ్లాసులోకి చూస్తున్నాడు.

“నీకు తెలుసా?”

“తెలుసు బావా.”

“ఎప్పట్నుంచి?”

“మొదట్నుంచే.”

“నోరు విప్పి చెప్పొచ్చుగా! నన్ను బయటికి గెంటొచ్చుగా!”

“ఫ్యానుగాలని ఒకసారి అన్నా.” వాడు టీ గ్లాసు పక్కన పెట్టాడు. “చేతులు మారుస్తుంటే మీ ముఖం కనబడేది బావా. నాణెం ఎక్కడ జారిపోతుందో అని నాకంటే మీరే ఎక్కువ భయపడేవాళ్ళు. నాకోసం అంత భయపడ్డవాళ్ళు అక్క తప్ప ఇంకెవరూ లేరు. రావద్దని ఎలా అనను?”

“చెయ్యి పోయిందన్నానురా నిన్ను.” అన్నాడు టైల్సాయన.

“పోనీలెండి.”

వాడు తేలిగ్గానే అన్నాడు. అందుకే ఆయన తట్టుకోలేకపోయాడు. నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది. లేచి, కుర్చీని గోడవైపు తిప్పుకుని కూర్చున్నాడు.

“ఇంకోసారి చెయ్యరా.”

“నువ్వు చూడవా నాన్నా?”

“చూడనమ్మా.”

ఎదురుగా గోడకు తను ఏరి ఏరి పెట్టించిన టైల్స్. వాటినే చూస్తూ కూర్చున్నాడు. వెనకాల నాణెం చిన్నగా మోగింది. ఉఫ్ మని ఊదిన చప్పుడు. తర్వాత ఏమీ వినబడలేదు.

“హమ్మో! ఏదీ? మావయ్యా, ఏమైంది?”

“ఏమోనమ్మా. నాకేం తెలుసు?”

కిటికీ దగ్గర అక్క నవ్విన చప్పుడు, వెంటనే ముక్కు చీదిన చప్పుడు. పిల్ల మావయ్య చేతులు రెండూ విప్పి చూసింది, జేబులు వెతికింది, బల్ల కింద దూరింది. ఎక్కడా లేదు. అలవాటుకొద్దీ పరుగున వచ్చి తండ్రి మోకాళ్ళ మీద చేతులు ఆన్చి, ఆయన కళ్ళలోకి చూడబోయింది.

టైల్సాయన కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

“చెప్పు నాన్నా, ఎక్కడుంది?”

“నాకూ తెలీదమ్మా,” అన్నాడు. అబద్ధం. మూసిన కళ్ళకు కూడా అది బావమరిది ఎడం చొక్కాచేతి మడతలోనే కనబడుతోంది.